ఒక్క ఆట చూచి

ఈసారి మేము వ్రాస్తున్నది చదరంగమును గూర్చి. "అయ్యగారికి చదరంగముతో ఏమి పని?" అని మీలో కొందరు అనుకోవచ్చును. మా నాన్నగారు బ్రతికి ఉంటే ఆ మాట ఆయనే ముందుగా అనేవారు. ఆయన దృష్టిలో చదరంగమూ పేకాటా ఒకే అరుగు మీద కూర్చునేవి. "ఆ కూర్చున్నంతసేపు కలుపు తీస్తే నాలుగు మళ్ళు అయ్యేవిరా" అనేవారు. అయినను మేము హైస్కూలులో డ్రిల్లు మాస్టారి వద్ద ఆట నేర్చుకున్నాము. వేదాంత విద్య డిప్లొమా చదివిన రోజులలో హాస్టలు గదిలో రాత్రిళ్ళు ఆడుకున్నాము. గొప్ప ఆటగాళ్ళము కాము. మా మంత్రిని మేమే శత్రువు గుర్రము నోటికి అందించిన సందర్భాలు లెక్కకు మించి ఉన్నవి.

2020 మార్చి 25న దేశమంతా మూతపడింది. గుంటూరులో డిగ్రీ చదువుతున్న మా అక్క కొడుకు, హాస్టలు మూసివేసినందున అంతకు రెండు రోజుల ముందే మా ఇంటికి వచ్చి, ఇక కదలలేక మా వద్దనే ఉండిపోయాడు. అతని సబ్జెక్టులు లెక్కలు, స్టాటిస్టిక్సు, కంప్యూటర్లు. మా అబ్బాయి అప్పుడే తొమ్మిదో తరగతి ముగించాడు. ఇద్దరికీ చదరంగమంటే పిచ్చి. బడులు లేవు, ఆరాధనలు లేవు. చర్చి ఆఫీసులో చందాల లెక్కలకూ పాటల కాగితాలకూ వాడే పాత కంప్యూటరు ఒకటి ఖాళీగా ఉన్నది. పిల్లలు దానిని మా అనుమతితోనే ఇంట్లోకి తెచ్చుకున్నారు.

మొదటి తగవు నాలుగో రోజునే వచ్చింది. చదరంగము ఆడే కంప్యూటరు ప్రోగ్రాములలో స్టాక్‌ఫిష్ అనునది ఒకటి. 2008లో మొదలైన ఈ ప్రోగ్రాము ఎవరైనా ఉచితముగా తీసుకొనవచ్చును, దాని లోపలి వ్రాతను కూడా చదివి మార్చుకొనవచ్చును. దాని 11వ రూపము 2020 జనవరిలోనే వచ్చింది. మా అబ్బాయి దానిని, పాతరూపము ఒకదానిని ఎదురెదురుగా పెట్టి పది ఆటలు ఆడించి, కొత్తది గెలిచిందని గంతులు వేశాడు. మేనల్లుడు ఆ ఆటల కాగితము తీసి చదివి పకపక నవ్వాడు.

"ఇవి పది ఆటలు కావు మావయ్యా. రెండే ఆటలు. ఒక్కొక్కటి ఐదేసిసార్లు."

చూస్తే నిజమే. ప్రతి ఎత్తుకు ఇంత లోతువరకే ఆలోచించమని రెండింటికీ కట్టడి చేసి, ఆట మొదటి గడి నుండే వదిలిపెట్టాడు. యంత్రమునకు విసుగు లేదు, ఉత్సాహము లేదు. అదే స్థానము, అదే లోతు ఇస్తే అదే ఎత్తు వేస్తుంది. కొత్తదానికి తెల్లపావులు వచ్చినప్పుడల్లా అదే ఆట, నల్లపావులు వచ్చినప్పుడల్లా మరొకటే ఆట. ఒకే సాక్షిని అయిదుసార్లు బోనెక్కించి అయిదుగురు సాక్షులని లెక్కవేసినట్లయింది.

అప్పటినుండి మాకు కూడా ఆసక్తి కలిగింది. రెండు ప్రోగ్రాములలో ఏది బలమైనదో తేల్చుట పైకి చాలా సులువుగా కనిపిస్తుంది. ఆడించి చూస్తే సరి! కాని ఆడించుటలోనే ఎన్నో మెలికలున్నవి. రెండింటికీ ఒకే విధమైన కంప్యూటరు ఉండవలెను. ఒకే సమయము ఇవ్వవలెను. ఎదుటివాడు ఆలోచించేటప్పుడు రెండవది ప్రక్కన ఊరకే ఉండవలెనో, తానూ ఆలోచించుకొనవచ్చునో ముందే అనుకొనవలెను. ఆరంభపు ఎత్తులు వేరు వేరుగా ఉన్న స్థానములు కొన్ని ఏరి, ప్రతి స్థానమును రెండుసార్లు ఆడించవలెను: ఒకసారి దీనికి తెల్లవి, మరొకసారి దానికి తెల్లవి. తెల్లపావులవాడు ముందు కదుపుతాడు గనుక అతనికి కొంచెము మేలు ఉంటుంది. ఆ మేలు ఇద్దరికీ సమానముగా పంచాలి. ఈ తెల్ల నల్లల సంగతి పాఠకులు కొంచెము జ్ఞాపకము పెట్టుకోండి.

ఇటువంటి పనిని ఓర్పుతో చేసినవారిలో స్వీడను దేశస్థులను చెప్పుకోవాలి. అక్కడి చదరంగపు కంప్యూటర్ల సంఘము వారు 1980లలోనే ప్రోగ్రాముల బలాబలాల పట్టికను ప్రకటించుట మొదలుపెట్టారు. ఆ రోజులలో చదరంగపు కంప్యూటరంటే గళ్ళపలక వంటి పెట్టె. సంఘ సభ్యుడు తన ఇంట్లో రెండు పెట్టెలను ముందు పెట్టుకొని మధ్యలో కూర్చుంటాడు. ఈ పెట్టె వేసిన ఎత్తును ఆ పెట్టెకు తన చేతితో చెబుతాడు, అది ఆలోచించి చెప్పినదానిని తిరిగి ఈ పెట్టెకు అందిస్తాడు. 40 ఎత్తులకు రెండు గంటలు చొప్పున ఒక్కొక్కదానికి గడువు. ఒక ఆటకు ఒక సాయంకాలము సరి! జీతము లేదు, బహుమానము లేదు. తరువాత తరువాత రెండు కంప్యూటర్లను తీగతో కలిపి వాటంతట అవే ఆడుకొనే ఏర్పాటు వచ్చింది. అయినను మొదటి ఏళ్ళలో ఇద్దరు మొండి ప్రత్యర్థుల మధ్య దూతగా అలా కూర్చున్న ఆ మనుష్యులను తలంచుకుంటే మాకు గౌరవము కలుగుతుంది. మేము సంఘములో అన్నదమ్ముల గట్టు తగవులకు ఆ పని చేశాము, అది ఎంత కష్టమో ఎరుగుదుము.

వారి పట్టికలో మాకు మిక్కిలి నచ్చినది ఒకటి ఉన్నది. ప్రతి ప్రోగ్రాముకు ఒక అంకె ఇచ్చి ఊరుకోరు. ఆ అంకె ప్రక్కనే, ఇది ఇంత పైకైనా ఉండవచ్చును, ఇంత క్రిందికైనా ఉండవచ్చును అని మరి రెండు అంకెలు వేస్తారు. ఎన్ని ఆటలు ఆడించినదీ వ్రాస్తారు. తమకు ఎంతవరకు తెలుసునో అంతవరకే చెప్పుట అన్నమాట.

ఆ అంకెను ఎలో అంటారు. అమెరికాలో స్థిరపడిన హంగరీ దేశపు సంతతివాడు, భౌతికశాస్త్రపు ఆచార్యుడు అర్పాద్ ఎలో గారి పేరది. ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో ఆయన పద్ధతిని అంగీకరించింది. మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి, గుంటూరు పెంటేల హరికృష్ణల పేర్ల ప్రక్కన పేపర్లలో చూచే రేటింగు అంకె ఇదే. దాని కీలకము మేనల్లుడు మాకు కందిపప్పు ఏరుతూ చెప్పాడు. ఇద్దరి అంకెలకు తేడా ఏమీ లేకపోతే నూరు ఆటలకు చెరి యాభై పాయింట్లు రావాలి. తేడా 100 అయితే బలమైనవానికి 64, తేడా 200 అయితే 76. గెలుపుకు ఒకటి, డ్రాకు అర. అంతే. ఆ అంకెకు తనంతట తాను అర్థము లేదు, ఒకే గుంపులో ఒకరితో ఒకరు ఆడినవారి మధ్య తేడాకే అర్థము. కంప్యూటర్లు తమలో తాము ఆడుకొని తెచ్చుకున్న 3500ను, మనుష్యులు తమలో తాము ఆడుకొని తెచ్చుకున్న 2800 ప్రక్కన పెట్టి తీసివేత చేయరాదు. అవి వేరు వేరు ఊళ్ళ కుంచములు.

ఇక్కడ మేనల్లుడి ఘనకార్యము చెప్పాలి. ఏప్రిలు నెలలో అతడు స్టాక్‌ఫిష్ లోపలి వ్రాతలో గుర్రమునకు ఇచ్చే విలువను కొంచెము మార్చాడు. మార్చినదానిని అసలుదానితో పోటీ పెట్టాడు. ఈసారి పద్ధతిగా చేశాడు. పది ఆరంభ స్థానములు, ఒక్కొక్కటి రెండు రంగులతో, మొత్తము 20 ఆటలు, ఒక్కొక్కరికి పది సెకన్ల గడువు. ఫలితము: మార్చినది 7 గెలిచింది, 3 ఓడింది, 10 డ్రా. అంటే 12కు 8. ఇల్లంతా సంబరము. మా ఇంటివారు సేమియా కాచారు. వాడు ఆ ప్రోగ్రాము తయారుచేసేవారికి పంపుటకు ఇంగ్లీషులో ఉత్తరము కూడా వ్రాసుకొని, అందులో వ్యాకరణము సరిచూడమని మాకు ఇచ్చాడు.

ఆ రాత్రి మా అబ్బాయి ఆ రెండు ఫైళ్ళనూ ప్రక్కప్రక్కన పెట్టి చూస్తూ, "బావా, రెండూ ఒకే సైజు ఉన్నాయేంటి?" అన్నాడు.

మార్చిన ఫైలును పోటీ పెట్టే చోటుకు నకలు చేసేటప్పుడు పొరబాటున అసలుదానినే నకలు చేసి, కొత్త పేరు పెట్టాడు మావాడు. ఆ 20 ఆటలలో స్టాక్‌ఫిష్ తనతో తానే ఆడుకున్నది. తనను తానే 12కు 8గా ఓడించుకున్నది.

పిల్లవాడు ఆ పూట అన్నము సరిగా తినలేదు. మరునాడు మాత్రము తానే ఒక రూపాయి బిళ్ళ తెచ్చి మా ముందు కూర్చున్నాడు. "మావయ్యా, 20 సార్లు ఎగరెయ్యండి" అన్నాడు. బొమ్మ 11, బొరుసు 9. మళ్ళీ వేయమన్నాడు. 8, 12. మళ్ళీ. మూడోసారో నాలుగోసారో 14, 6 పడింది. బిళ్ళలో దోషమేమీ లేదు. 20 సార్లు ఎగరవేస్తే ఏదో ఒక వైపు 13 గాని అంతకు మించి గాని పడుట, నాలుగు ప్రయత్నములలో దాదాపు ఒకసారి జరిగేదేనట. మనము ఆ ఒక్కసారిని చూచి బిళ్ళకు గుణము అంటగడతాము.

తరువాత కాగితము మీద లెక్క చూపాడు. సగము ఆటలు డ్రా అయ్యే జంటను 100 ఆటలు ఆడించి తేల్చిన అంకెలో సుమారు 50 ఎలో పాయింట్లు అటో ఇటో తప్పు ఉండవచ్చును. 1000 ఆటలు ఆడిస్తే ఆ తప్పు 15కు తగ్గుతుంది. 5కు తగ్గించాలంటే 10,000 ఆటలు కావాలి. తప్పు సగము కావాలంటే ఆటలు రెట్టింపు చేస్తే చాలదు, నాలుగింతలు చేయాలి. ఇక 20 ఆటలకైతే 100 పైచిలుకు. వాడి 12కు 8 అనే గెలుపు విలువ 70 పాయింట్లు. అంటే తప్పు కంటె చిన్నది.

ఈ లెక్క విన్న తరువాత మేము లోగడ పేపర్లలో చదివిన పెద్ద పెద్ద పోటీలన్నీ వేరుగా కనబడసాగినవి. 1974లో స్టాక్‌హోములో కంప్యూటర్ల మొదటి ప్రపంచ పోటీలో సోవియట్ ప్రోగ్రాము కైస్సా నాలుగు ఆటలూ గెలిచి విజేత అయింది. నాలుగంటే నాలుగే! పేరుమోసిన అమెరికా ప్రోగ్రాము చెస్ 4.0 దానికి ఆ పోటీలో ఎదురుపడనే లేదు, తరువాత విడిగా ఆడించిన ఆట డ్రా అయింది. 1996లో ఫిలడెల్ఫియాలో కాస్పరోవ్ డీప్ బ్లూను 4–2తో ఓడించాడు, 1997లో న్యూయార్కులో అదే యంత్రపు మెరుగైన రూపము ఆయనను 3½–2½తో ఓడించింది. ప్రపంచమంతా మనుష్యుని పని అయిపోయిందన్నది. ఆరు ఆటలు, ఒక్క పాయింటు తేడా. సెకనుకు 20 కోట్ల స్థానములను పరిశీలించే యంత్రమది, దాని గొప్పతనమును మేము కాదనము. అయితే ఆ ఆరు ఆటలు మాత్రమే చూచి ఎవరు బలవంతులో చెప్పమంటే మా మేనల్లుడు పెదవి విరుస్తాడు.

మన విశ్వనాథన్ ఆనంద్ గారి సంగతి ఇంకా విచిత్రము. 1998లో రెబెల్ 10 అనే ప్రోగ్రాముతో ఆయన ఎనిమిది ఆటలు ఆడి 5–3తో ఓడిపోయారు. ఓడిపోయారనే అందరూ చెప్పుకున్నారు. విడదీసి చూడండి. అందులో నాలుగు ఆటలు అయిదు నిమిషాల మెరుపు ఆటలు, యంత్రము 3–1. రెండు పావుగంట ఆటలు, యంత్రము 1½–½. మిగిలిన రెండూ అసలైన పోటీలలో ఆడే నిదానపు ఆటలు, వాటిలో ఆనంద్ గారు 1½–½తో గెలిచారు. రెండు ఆటలతో ఏమీ తేలదని ఇప్పుడే అన్నాము గనుక ఆ చివరి గెలుపును కూడా నెత్తిన పెట్టుకోరాదు. అయితే గడువు మారితే ప్రశ్నే మారుతుందని మాత్రము గ్రహించాలి. త్వరగా ఎవరు బాగా ఆడతారు అనేది ఒక ప్రశ్న, నింపాదిగా ఎవరు బాగా ఆడతారు అనేది మరొకటి. మా బడిలో ఒక మాస్టారు నోటిలెక్కలు వేగముగా చెప్పినవాడినే తెలివైనవాడనేవారు. ఆ లెక్కన మేము మందమతులమే.

2017 డిసెంబరులో ఆల్ఫాజీరో వచ్చింది. తనతో తాను ఆడుకొనుట ద్వారానే ఆట నేర్చుకున్న ఆ ప్రోగ్రాము, స్టాక్‌ఫిష్ 8తో 100 ఆటలు ఆడి 28 గెలిచింది, 72 డ్రా, ఓటమి లేదు. నూరు ఆటలంటే సంఖ్య ఫరవాలేదు. కాని అప్పుడు పేచీ సంఖ్య మీద రాలేదు, షరతుల మీద వచ్చింది. ఎత్తుకు ఒక్క నిమిషము చొప్పున కట్టుదిట్టము చేయుట వలన, ఎక్కడ ఎక్కువ ఆలోచించాలో తానే నిర్ణయించుకొనే స్టాక్‌ఫిష్ నేర్పు వృథా అయిందనీ, దానికి ఇచ్చిన జ్ఞాపకస్థలము చాలదనీ, ఆరంభపు ఎత్తుల పుస్తకము ఇవ్వలేదనీ అన్నారు. 2018 డిసెంబరులో వారు మరల 1000 ఆటల ఫలితములు ప్రకటించారు: 155 గెలుపులు, 6 ఓటములు, మిగిలినవన్నీ డ్రా. అడిగినవారు అడిగినందుకు, ఆడించినవారు మరల ఆడించినందుకు ఇద్దరినీ మెచ్చుకోవాలి.

ఆటలు లేకుండా ప్రశ్నపత్రముతో పరీక్షించే పద్ధతి కూడా ఉన్నది. 1982లో బ్రాట్కో, కోపెక్ అను ఇద్దరు పండితులు 24 స్థానములు తయారుచేశారు. ఒక్కొక్కదానిలో సరియైన ఎత్తు ఏదో కనుగొనమని ప్రోగ్రామును అడిగి మార్కులు వేయుట. త్వరగా అయిపోతుంది. కాని ప్రశ్నలు ముందే తెలిసినప్పుడు ఆ ప్రశ్నలకే తయారుచేయవచ్చును గదా. పదో తరగతి పిల్లలున్న తల్లిదండ్రులకు ఈ సంగతి మేము విడమరిచి చెప్పనక్కరలేదు.

స్టాక్‌ఫిష్ వారు మాత్రము 2013 నుండి ఒక గొప్ప ఏర్పాటు నడుపుతున్నారు. లోకములో పలుచోట్ల ఉన్న స్వచ్ఛందులు తమ కంప్యూటర్లను ఖాళీ వేళలలో అరువిస్తారు. ఎవరైనా చిన్న మార్పు సూచిస్తే, ఆ మార్పుతో ఉన్న ప్రోగ్రామును, లేనిదానిని వేల ఆటలు, ఒక్కోసారి పదివేల ఆటలు, అంతకు మించి కూడా ఆడిస్తారు. ముందు కొద్ది గడువుతో, అందులో నెగ్గితే ఎక్కువ గడువుతో. ఎంతవరకు ఆడించాలో, ఏ హద్దు దాటితే అంగీకరించాలో, ఏ హద్దు దాటితే త్రోసివేయాలో ముందే నిర్ణయమై ఉంటుంది. మనవాడు ముందంజలో ఉన్నప్పుడు "ఇక చాలు" అని ఆపుటకు వీలు లేదు. సూచించిన మార్పులలో చాలా భాగము త్రోసివేతలోనే పోతాయి. సూచించినవాడు తెలివితక్కువవాడు కాదు, ఆలోచన చెడ్డది కాదు. ఆడించి చూస్తే మేలు కనబడలేదు, అంతే.

మా మేనల్లుడు కూడా తన గుర్రపు మార్పును, ఈసారి సరియైన ఫైలుతో, 1000 ఆటలు ఆడించాడు. రెండు రాత్రులు పట్టింది. మధ్యలో కరెంటు పోయి ఒకసారి ఆగి మరల మొదలైంది. మా వీధిలోని సంఘపెద్ద ఒకాయన అర్ధరాత్రి మా కిటికీలో వెలుతురు చూచి, ప్రార్థనలో ఉన్నామనుకొని సంతోషించి, తెల్లవారి విషయము తెలిసిన తరువాత "చర్చి కంప్యూటరు, చర్చి కరెంటా అయ్యగారూ?" అని అడిగారు. కరెంటు ఇంటి మీటరుదేనని చూపించాము. కంప్యూటరు చర్చిదే గదా అన్నారు. దానికి మేము ఏమీ చెప్పలేకపోయాము. ఫలితమా? 488½కు 511½. కొంచెము చెడినట్లు కనబడుతుంది గాని అదైనా తప్పు హద్దులోనిదే. "బాగుపడిందని చెప్పలేము, చెడిపోయిందనీ చెప్పలేము" అని వాడే నోటు పుస్తకములో వ్రాసుకున్నాడు.

ఆ వాక్యము చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాము.

2013 నవంబరులో చెన్నైలో ఆనంద్, కార్ల్‌సన్‌ల ప్రపంచ పోటీ జరిగింది. ఆ నెలలో మా ఊరి పిల్లలందరికీ చదరంగము పట్టుకున్నది. మేము శనివారాలు సాయంకాలము పార్సనేజి వరండాలో పిల్లలను కూర్చోబెట్టి ఆడించేవారము. వారిలో ఇద్దరు మిగిలినవారి కంటె బాగా ఆడేవారు. ఒకడు మా బడి మాస్టారి కొడుకు. రెండవది గుడి గంట కొట్టే ఆయన కూతురు, ఎనిమిదో తరగతి. మరుసటి సంవత్సరము సంక్రాంతి తరువాత గుంటూరులో పిల్లల పోటీ ఒకటి ఉన్నదని తెలిసింది. ప్రవేశ రుసుము, బస్సు చార్జీలు, రెండు పూటల భోజనము కలిపి మా దగ్గర ఒక్కరికే డబ్బున్నది. ఎవరిని పంపాలి? "ఇద్దరూ ఒక ఆట ఆడండి, గెలిచినవారు వెళతారు" అన్నాము. ఎవరికీ పక్షపాతము కనబడకూడదని అనుకున్నాము. రంగులకు చీటీ వేశాము, పిల్లవాడికి తెల్లవి వచ్చినవి. ఆ అమ్మాయి ముప్పయ్యో ఎత్తు దాకా బాగానే ఆడి, ఒక ఏనుగును చూచుకోక పోగొట్టుకున్నది. పిల్లవాడు గుంటూరు వెళ్ళాడు. ఆ అమ్మాయి మరి రెండు శనివారాలు వచ్చి, తరువాత మానేసింది. ఇంటి దగ్గర పని ఉన్నదని వాళ్ళ అమ్మ చెప్పింది. మేము నమ్మాము. నమ్ముట మాకు సౌకర్యముగా కూడా ఉండినది.

ఆ రాత్రి లేచి, బీరువా పైన కట్ట కట్టి పెట్టిన పాత పుస్తకములలో ఆ శనివారాల పుస్తకమును వెదికి తీశాము. ఎవరు ఎవరితో ఆడి ఏమైనదీ మా చేతి వ్రాతలోనే ఉన్నది. ఆ ఇద్దరి ఆటలు ఏరి లెక్కవేశాము. మొత్తము 31. అమ్మాయి 17 గెలిచింది, పిల్లవాడు 10, డ్రాలు 4. అంటే 19కి 12. అవన్నీ మా దగ్గరే, మా బల్ల మీదే, ఆనాడు కూడా ఉన్నవి. వాటిని తెరిచి చూడకుండా మరొక ఆట ఆడించి, ఆ ఒక్కదానితో తేల్చేశాము. న్యాయము చేశామని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాము కూడా.

తెల్లవారి మేనల్లుడికి చూపాము. వాడు చాలాసేపు లెక్క చూచాడు.

"నిజం చెప్పమంటారా మావయ్యా? 31 ఆటలతో కూడా గట్టిగా చెప్పలేం. ఇద్దరూ సమానమే అయినా ఇంత తేడా రావచ్చు."

"మరి మేము చేసినది?"

"31తోనే చెప్పలేనిది ఒకదానితో ఎలా చెప్పారు మీరు?"

పిల్లవాడి మాట అది. వాడు మమ్మును తప్పు పట్టాలని అనలేదు, లెక్క చెప్పాడు. మాకైతే వాడు ఊరడిస్తున్నాడో గద్దిస్తున్నాడో తెలియలేదు. ఆమెకే అన్యాయము జరిగిందని ఖాయముగా తెలిసి ఉంటే ఒక విధముగా సులువుగా ఉండేది, వెళ్ళి క్షమాపణ అడిగేవారము. ఇది అటూ ఇటూ కాని బాధ. ఇద్దరినీ పంపుటకు మరొక వెయ్యి రూపాయలు ఎవరినైనా అడిగి ఉండవచ్చును గదా అని మా ఇంటివారు అన్నారు. ఆ మాట ఏడేళ్ళ క్రితము మాకు తోచలేదు.

ఆ సంవత్సరము డిసెంబరులో ఆ అమ్మాయి క్రిస్మసుకు ఇంటికి వచ్చింది. నర్సింగు చదువుతున్నది. వాళ్ళ నాన్నగారితో పాటు పార్సనేజికి వచ్చినప్పుడు కాఫీ ఇచ్చి, ఆ పుస్తకము తీసి ముందు పెట్టి, జరిగినదంతా చెప్పాము. 31 ఆటల సంగతి, ఒక్క ఆట సంగతి. ఆమె నవ్వుతుందనుకున్నాము. నవ్వలేదు. పుస్తకము పేజీలు తిప్పి తన పేరు ఉన్నచోట్ల వేలు పెట్టి చూచుకున్నది.

"ఆ రోజు నాకు నల్లవి వచ్చాయి అయ్యగారూ" అన్నది. "తెల్లవాటితో ఇంకో ఆట పెడతారేమోనని చూశాను. పెట్టలేదు."

ఏడు సంవత్సరములు! స్వీడనువారి పెట్టెల సంగతీ, స్టాక్‌ఫిష్ వారి పద్ధతీ మేము ఆ వేసవిలో నేర్చుకున్నాము. ఎనిమిదో తరగతి పిల్లకు అది ఆ సాయంకాలమే తెలుసు. అడుగుటకు నోరు రాలేదు. గంట కొట్టే ఆయన కూతురు అయ్యగారిని ఎలా అడుగుతుంది?

మాస్టారి అబ్బాయి అప్పటికి బెంగళూరులో ఉన్నాడు, పండుగకు రాలేదు. మేము లోపలికి వెళ్ళి పాత పలక తెచ్చాము. తెల్లగుర్రము ఒకటి ఎప్పుడో పోయింది, దాని స్థానములో మా అబ్బాయి ఒక సీసా మూత పెట్టాడు. తెల్లపావుల వైపు ఆమెను కూర్చోమన్నాము. వాళ్ళ నాన్నగారు "ఇప్పుడెందుకు అయ్యగారూ" అంటూ గుమ్మములోనే నిలబడ్డారు, ఆయనకు కుర్చీ వేయించాము. మేనల్లుడు, మా అబ్బాయి చెరోవైపు నిలుచున్నారు. ఆమె మొదట రాజు ముందరి బంటును రెండు గళ్ళు జరిపింది. ఏళ్ళ తరబడి ఆడనట్లు లేదు. ఇరవయ్యో ఎత్తు తరువాత మాకు ఊపిరాడలేదు. సీసా మూతే వచ్చి మా రాజుకు షా చెప్పింది, తప్పించుకొనే గడి లేదు.

ఓడిపోయామని చేయి చాచాము. ఆమె చేయి కలిపి, పలకను అటునుండి ఇటు త్రిప్పి పావులు సర్దుతూ, "ఇప్పుడు మీరు తెల్లవి తీసుకోండి అయ్యగారూ" అన్నది.